ధనికురాలు, కాగితాలు లేని నర్తకుడు: ఆ ప్రేమను ఎలా రాయాలి?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మిషెల్ ఫ్రాంకో తీసిన "డ్రీమ్స్" సినిమా చూశారు. అందులో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఒక సంపన్న కుటుంబపు స్త్రీకీ, మెక్సికో నుంచి దొంగదారిన సరిహద్దు దాటి వచ్చిన ఒక యువ బాలే నర్తకుడికీ మధ్య సంబంధం ఉంటుంది. ఇంచుమించు అలాంటి జంటతోనే మీరూ ఒక స్క్రీన్‌ప్లే రాస్తున్నారు. చదివినవాళ్లంతా మీ నాయిక ప్రతినాయికలా ఉందంటున్నారు. "అసలు వాళ్లది ప్రేమా, లేక ఆమె అతణ్ని వాడుకుంటోందా? ఆమె అతణ్ని పెళ్లి చేసుకుంటే సమస్య తీరిపోతుంది కదా, మరెందుకు చేసుకోదు?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. వాళ్లది ప్రేమే. ఆమె అతణ్ని వాడుకుంటోందన్నదీ నిజమే. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కావాలని మీరు పట్టుబట్టినంతకాలం ఆ స్క్రిప్టు ముందుకు కదలదు. రచయితగా మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఈ ఇద్దరిలో ఎవరు తలచుకున్నప్పుడు లేచి వెళ్లిపోగలరు, అలా వెళ్లిపోతే ఎవరికి ఏం పోతుంది? ఇక పెళ్లి సంగతి. మీ నాయకుడు ట్రక్కులో దాక్కుని సరిహద్దు దాటినవాడైతే, అమెరికా పౌరురాలిని పెళ్లాడినంత మాత్రాన అతడికి అక్కడ ఉండే హక్కు రాదు. ఈ ఒక్క విషయం సరిగ్గా తెలిస్తే మీ కథలోని చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి కాబట్టి, దీన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను పద్ధెనిమిదేళ్లుగా ఇతరుల స్క్రీన్‌ప్లేలు చదివి, దిద్ది, అవసరమైతే వాళ్లతో కూర్చుని తిరగరాయిస్తున్నాను. అంతకుముందు అమెరికాలో ఉన్న ఆరేళ్లలో, వలస కేసులు చూసే ఒక న్యాయవాది దగ్గర దరఖాస్తులు, జోడింపు పత్రాలు సర్దే పని చేశాను. నేను న్యాయవాదిని కాను, కానీ ఆ కాగితాల మధ్య కూర్చున్నవాళ్ల ముఖాలు దగ్గరగా చూశాను.

అమెరికా చట్టం అన్నిటికన్నా ముందు అడిగేది "ఎలా వచ్చావు?" అని. విజిటర్ వీసా మీద వచ్చి, గడువు దాటినా వెళ్లకుండా ఉండిపోయిన మనిషి పౌరురాలిని నిజంగా పెళ్లి చేసుకుంటే, సాధారణంగా దేశం దాటకుండానే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే మనిషి తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాడైతే, కొన్ని పాత మినహాయింపులను పక్కన పెడితే, ఆ వీలు లేదు. అతడు బయటికి వెళ్లి కాన్సులేటులో వీసా తీసుకోవాలి. మెక్సికన్లకైతే అది సరిహద్దు పట్టణమైన సియుదాద్ వారెస్‌లోని కాన్సులేటు. అయితే బయటికి అడుగు పెట్టగానే 1996 నాటి చట్టం అతడి మీద పడుతుంది. అనుమతి లేకుండా 180 రోజులు దాటి, ఏడాదిలోపు ఉన్నవాడికి మూడేళ్లు, ఏడాది గాని ఆపైన గాని ఉన్నవాడికి పదేళ్లు తిరిగి రావడానికి వీల్లేదు. అంతకుముందే ఒకసారి డిపోర్ట్ అయి మళ్లీ దొంగదారిన వచ్చి ఉంటే పరిస్థితి ఇంకా కఠినం. పదేళ్లు బయట గడిపితే తప్ప "మళ్లీ రానివ్వండి" అని అడిగే అర్హత కూడా ఉండదు. పైగా అలా తిరిగి రావడమే జైలుశిక్ష పడగల నేరం. మీ నాయకుడు ఈ మూడు రకాలలో ఏ రకమో మీ స్క్రిప్టులో ఎక్కడా తేలలేదు. ముందు అది తేల్చుకోండి. కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో ఆ ఏటి నిబంధనలు కూడా ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే దరఖాస్తు పద్ధతులు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి.

మూడేళ్ల, పదేళ్ల నిషేధాలకు మినహాయింపు అడగవచ్చు. 2013 నుంచి దేశం దాటకముందే ఆ దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. ఆ మినహాయింపు రావాలంటే నిరూపించవలసింది అతడి కష్టం కాదు, ఆమె కష్టం. అతడు లేకపోతే పౌరురాలైన భార్యకు అసాధారణమైన కష్టం కలుగుతుందని ఆధారాలతో చూపించాలి. పిల్లలు పడే బాధ కూడా నేరుగా లెక్కలోకి రాదు, ఆ బాధ వల్ల భార్యకు ఏం జరుగుతుందన్న కోణంలోనే అధికారులు దాన్ని చూస్తారు.

నేను పనిచేసిన ఆఫీసులో ఒకరోజు ఒక భార్య ఇందుకు సంబంధించిన ఉత్తరం రాసుకుని తెచ్చింది. రెండు పేజీలనిండా భర్త ఎంత మంచివాడో, ఎంత కష్టజీవో రాసింది. మా న్యాయవాది దాన్ని చదివి తిరిగి ఇచ్చేసి, "ఆయన మంచివాడని కాదమ్మా, ఆయన లేకపోతే మీకేమవుతుందో రాయండి" అన్నాడు. ఆమె పక్కగదిలో కూర్చుని కొత్త కాగితం మీద తేదీ వేసి, నలభై నిమిషాలు ఒక్క వాక్యమూ రాయలేకపోయింది. ప్రేమ లేక కాదు. ఇంటి అద్దె, బండి కిస్తీ, బ్యాంకు పనులు అన్నీ తన పేరు మీదే నడిచేవి. ఆ కాపురంలో ఆధారపడినవాడు భర్త, ఆధారం తాను. అతడు లేకపోతే తనకేమవుతుందో ఆమె ఎన్నడూ ఆలోచించుకోవలసిన అవసరం రాలేదు. భర్త ఎదురుగా కుర్చీలో కూర్చుని గోడమీది క్యాలెండరు వంకే చూస్తున్నాడు, ఆమె కలం కదులుతోందా లేదా అన్నది చూడకుండా ఉండడానికి. చివరికి ఆమె రాసిన మొదటి వాక్యం, "రాత్రిపూట తలుపు గడియ పడిందో లేదో చూసేది ఆయనే, ఆయన లేని రాత్రి నేను నిద్రపోలేను" అన్నది. అధికారులకు అది ఆధారం కాదు. వైద్యుడి ధ్రువపత్రాలూ, ఆదాయపు లెక్కలూ తరువాత జత చేశాం. నాకు మాత్రం ఇన్నేళ్లయినా గుర్తున్నది ఆ వాక్యమే.

ఇప్పుడు మీ నాయిక దగ్గరికి వద్దాం. ఆమె కళలకు విరాళాలిచ్చే కుటుంబ ఫౌండేషన్ నడుపుతుంది. జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదు, అందరూ ఆమెనే అడిగారు. అలాంటి స్త్రీ "ఈ మనిషి లేకపోతే నేను నిలబడలేను" అని సంతకం పెట్టి ప్రభుత్వానికి ఇవ్వవలసి రావడమే మీ కథకు నడిబొడ్డు. ఆమె పెళ్లికి ఎందుకు వెనకాడుతుందన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. పరువు కోసమో, వయసు తేడా వల్లో, జాతి అహంకారం వల్లో వెనకాడుతుందని రాస్తే ఆమె వెంటనే చెడ్డదైపోతుంది, చదివేవాళ్లకు ఆలోచించడానికి ఏమీ మిగలదు. తన అవసరాన్ని కాగితం మీద పెట్టలేక వెనకాడితే, ఆమె మీద కోపమూ వస్తుంది, జాలీ కలుగుతుంది.

పెళ్లి తరువాత కూడా అధికారం ఒకవైపే ఉండిపోదని గమనించండి. గ్రీన్‌కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే అది రెండేళ్ల షరతు మీద వస్తుంది. ఆ షరతు తొలగించమని మామూలుగా భార్యాభర్తలిద్దరూ కలిసి అడగాలి. విడాకులైనా, హింస జరిగినా ఒంటరిగా అడిగే దారి ఉంది, కానీ భయపడుతూ బతికేవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? ఇంకోవైపు, అతణ్ని పోషిస్తానని ఆమె రాసిచ్చే హామీపత్రం విడాకులతో రద్దు కాదు. అతడు పౌరుడయ్యేవరకో, సుమారు పదేళ్ల పని లెక్కకు వచ్చేవరకో అది ఆమెను కట్టిపడేస్తుంది. ఆమె కుటుంబ న్యాయవాది ఆమెను పక్కకు పిలిచి ఈ సంగతి చెప్పే సీను మీరు రాయవచ్చు. అందులో ఎవరూ గొంతు పెంచనక్కర్లేదు.

నాయకుడి వృత్తిని మీరు అలంకారంగా వాడారు, దాన్ని ఇరుసుగా మార్చండి. కాగితాలు లేని మనిషి బతకాలంటే ఎవరి కంటా పడకూడదు. నర్తకుడు బతకాలంటే అందరి కంటా పడాలి, వేదిక మీద దీపాల వెలుగులో నిలబడాలి, అతడి పేరు కరపత్రంలో అచ్చు కావాలి. ఇంతకన్నా పదునైన వైరుధ్యం మీకు వేరే ఏ వృత్తిలోనూ దొరకదు. పైగా బాలే శరీరానికి గడువు ఉంటుంది. ముప్పైల చివరికి వచ్చేసరికి చాలామంది వేదిక దిగిపోతారు, రోజువారీ సాధన కొన్ని వారాలు ఆగితే చాలు, శరీరం పట్టు తప్పుతుంది. చట్టం "పదేళ్లు ఆగు" అన్నప్పుడు ఒక వంటమనిషికి అది పదేళ్ల ఎడబాటు, ఇరవై ఎనిమిదేళ్ల నర్తకుడికి అది వృత్తికే ముగింపు. అసాధారణ ప్రతిభ ఉన్న కళాకారులకు ఓ-1 అనే వీసా ఉంది, నృత్య సంస్థలు దానికి దరఖాస్తు చేసి విదేశీ నర్తకులను తెప్పించుకుంటాయి. అయితే ఒకసారి డిపోర్ట్ అయినవాడు అక్కడా ముందుగా మినహాయింపు అడగవలసిందే. "డ్రీమ్స్"లో ఆ పాత్ర వేసిన ఇసాక్ ఎర్నాండెజ్ నిజజీవితంలోనే గొప్ప బాలే నర్తకుడు. గ్వాదలహారాలో పుట్టి, ఇంటి పెరట్లో తండ్రి దగ్గర నేర్చుకుని, 2018లో బెన్వా ద లా దాన్స్ పురస్కారం అందుకున్నాడు, శాన్‌ఫ్రాన్సిస్కో బాలేలో కూడా నర్తించాడు. అతడు నడిచి వచ్చే తీరులోనే ఆ శరీరం విలువ మనకు తెలుస్తుంది కాబట్టి, దాన్ని దాచిపెట్టవలసి రావడం ఎంత నష్టమో సంభాషణ లేకుండానే అర్థమవుతుంది.

(ఒక చిన్న మాట. ఫ్రాంకో సినిమా 2025 బెర్లిన్ ఉత్సవంలో పోటీ విభాగంలో వచ్చింది. అదే ఏడాది అదే పోటీలో గోల్డెన్ బేర్ గెలిచిన నార్వే చిత్రం పేరు కూడా "డ్రీమ్స్"తోనే మొదలవుతుంది. మీరు మీ ప్రతిపాదన పత్రంలో ఆ బహుమతిని ఫ్రాంకో సినిమాకు రాశారు, సరిదిద్దుకోండి.)

సరిహద్దును మీరు ఒక్క దిక్కు నుంచే చూపించారు. అతడు వచ్చే దారి మాత్రమే ఉంది, ఆమె వెళ్లే దారి లేదు. ఆమె అమెరికా పాస్‌పోర్టుతో మెక్సికో నగరానికి వీసా లేకుండా వెళ్లి, 180 రోజుల దాకా ఉండవచ్చు. దాదాపు ఐదు గంటల విమాన ప్రయాణం, కిటికీ పక్క సీటు, దిగాక ఒక ముద్ర. అటునుంచి అతడు విజిటర్ వీసా అడిగితే, స్థిరపడిపోయే ఉద్దేశం లేదని నిరూపించలేకపోయావంటూ అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తారు. ఆ అంకె చాలామంది తెలుగువాళ్లకు కూడా బాగా తెలిసినదే. అందుకని అతడు ట్రక్కు ఎక్కుతాడు. 2022 జూన్‌లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో దగ్గర ఒక ట్రెయిలర్‌లో 53 మంది వలసదారులు ఎండ వేడికి మరణించారు. కూలింగ్ యంత్రం పనిచేయని పెట్టెలో వాళ్లను కుక్కి తెచ్చారు. మీరు ట్రక్కు సీనును కన్నీళ్ల కోసం మూడు పేజీలు రాశారు. నా సలహా, దాన్ని అర పేజీకి కుదించి, ఆ మిగిలిన చోటు ఆమె విమానయానానికి ఇవ్వండి. అవే రెండు నగరాలు, వాటి మధ్య రెండు ప్రయాణాలు. పక్కపక్కనే పెడితే చాలు, వ్యాఖ్యానం ఎవరూ చేయనక్కర్లేదు.

ఇక అసలు ఫిర్యాదు: నాయిక ప్రతినాయికలా ఉంది. దీనికి కారణం మీరు ఆమెకు అధికారాన్ని ఇచ్చి, ఆ అధికారాన్ని ఆమె ప్రతిసారీ తెలిసే వాడేలా రాయడం. నిజజీవితంలో బలవంతులు బలహీనులను గాయపరిచేది చాలావరకు తెలియకుండానే. నా దగ్గరికి వచ్చిన ఒక యువరచయిత స్క్రిప్టులో, చిత్రాల గ్యాలరీ నడిపే ఒక స్త్రీ, కాగితాలు లేని ఒక చిత్రకారుడు ఉన్నారు. మొదటి ప్రతిలో, గొడవ జరిగాక ఆమె కోపంతో అతణ్ని ఇంట్లోంచి గెంటేస్తుంది. చదవగానే ఆమె మీద అసహ్యం వేసింది, అంతే, ఇంకేమీ అనిపించలేదు. ఇద్దరం కూర్చుని మార్చాం. కొత్త ప్రతిలో గొడవే లేదు. తలుపుకు తాళంచెవి కాకుండా అంకెలు నొక్కే పెట్టె ఉంటుంది. ఆ అంకెలు ఆమె అతడికి ప్రేమగా చెబుతుంది. అవి తన కూతురి పుట్టినరోజు. రెండు నెలల తరువాత ఒక రాత్రి అతడు పనినుంచి వచ్చి ఆ అంకెలు నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. మళ్లీ నొక్కుతాడు, మళ్లీ ఎర్రదీపం. మూడోసారి తప్పు నొక్కితే అలారం మోగుతుందని, అలారం మోగితే పోలీసులు వస్తారని అతడికి తెలుసు. అందుకని మూడోసారి నొక్కకుండా మెట్ల మీద తెల్లవార్లూ కూర్చుంటాడు. ఉదయం ఆమె తలుపు తీసి నిర్ఘాంతపోతుంది. కాపలా సంస్థవాళ్లు మూడునెలలకోసారి అంకెలు మారుస్తారు, అతడికి చెప్పడం ఆమె మర్చిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయి, క్షమాపణ అడుగుతుంది, కాఫీ పెట్టి ఇస్తుంది. అతడు "ఫర్వాలేదు" అంటాడు. ఆ "ఫర్వాలేదు" తరువాత ఆ సంబంధం మునుపటిలా ఉండదని చదివినవాళ్లందరికీ తెలిసిపోయింది, ఆమెను ఒక్కరూ చెడ్డదనలేదు.

అధికారమంటే డబ్బు ఒక్కటే కాదన్నది కూడా మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. జర్మన్ దర్శకుడు ఫాస్‌బిండర్ 1974లో తీసిన "ఆలీ: ఫియర్ ఈట్స్ ద సోల్" తప్పక చూడండి. అందులో ఎమ్మీ మ్యూనిక్‌లో నేల తుడిచి బతికే వృద్ధ వితంతువు, ఆలీ మొరాకో నుంచి వచ్చిన కార్మికుడు, ఇద్దరూ పేదలే. ఊరంతా వాళ్లను వెలివేసినంతకాలం ఇద్దరూ సమానంగా కనిపిస్తారు. ఊరు ఎమ్మీని మళ్లీ దగ్గరికి తీయగానే ఆమె మారిపోతుంది. తోటి పనివాళ్లను ఇంటికి పిలిచి అతడి కండలు పట్టుకుని చూడమంటుంది, అతడు తన దేశపు వంట కుస్‌కుస్ వండిపెట్టమని అడిగితే జర్మనీ తిండికి అలవాటు పడమంటుంది. ఆమె క్రూరురాలు కాదు, తనవాళ్లలో తనకు చోటు దొరికిందన్న సంతోషంలో ఉంది, ఆ సంతోషపు ధరను అతడు చెల్లిస్తున్నాడు. అన్నిటికన్నా నన్ను కలచివేసేది ఆ పేరు. ఆలీ అన్నది అతడి అసలు పేరు కాదు, అక్కడివాళ్లు అరబ్బు కార్మికులను పిలిచే పేరు. అతడి పూర్తి పేరు చాలా పొడుగు, దాన్ని పలకాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. మీ నాయికకూ ఇలాగే పైన ఎవరో ఉండాలి. ఫ్రాంకో ఆమె చుట్టూ తండ్రినీ సోదరుణ్నీ పెట్టాడు. మీ స్క్రిప్టులో ఆమె ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఒంటరిగా ఉంది. ఆమె చేతిలో ఉన్న డబ్బు ఎవరి సంతకంతో వస్తుందో చూపించండి.

శృంగార సన్నివేశాలు ఎంతవరకు రాయవచ్చని కూడా అడిగారు. రెచ్చగొట్టడం కోసమే అయితే ఒక్కటీ వద్దు. అయితే ఈ కథలో వాటికి ఒక నిజమైన పని ఉంది. ఆ ఇద్దరూ సమానంగా ఉండగలిగే చోటు బహుశా అదొక్కటే, అక్కడ అడిగేదీ ఇచ్చేదీ ఇద్దరూ. ఆ సమానత్వాన్ని మనస్ఫూర్తిగా, సంకోచం లేకుండా రాయండి, ఆ తరువాతి రెండు నిమిషాలను ఇంకా జాగ్రత్తగా రాయండి. పనిమనిషి వచ్చే వేళయిందని ఎవరు ముందు లేచి బట్టలు వేసుకోవాలి? రెండో కాఫీ కప్పును ఎవరు కడిగి లోపల పెట్టేస్తారు? అసమానత కనిపించేది ఆ కప్పులో.

ఒక హెచ్చరిక. మీ మూడో అంకంలో అతడు ఆమె మీద చెయ్యి చేసుకుంటాడు, ఆ సీనులో మీ కలం అతడి పక్షాన నిలబడింది. అన్యాయానికి గురైనవాడు చేసినంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకుండా పోదు. డబ్బు, చట్టం ఆమె వైపు ఉన్నాయి, శరీరబలం అతడి వైపు ఉంది, దాన్ని అతడు ప్రయోగించిన క్షణంలో అధికారం అతడిదే. ఆ సీను ఉంచాలనుకుంటే ఉంచండి, కానీ ప్రేక్షకుడు చప్పట్లు కొట్టేలా రాయకండి. స్త్రీపురుషులను తారుమారు చేసి ఒకసారి చదువుకోండి, ఎక్కడ మీరు పక్షపాతం చూపారో మీకే తెలుస్తుంది. నేను ఇలాంటి ప్రతి స్క్రిప్టుకూ ఈ పరీక్ష పెడతాను.

చివరిగా మీ విమానాశ్రయం సీను. అతణ్ని పంపించేస్తుంటే ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లి గాజుతలుపు అవతల నుంచి పిలుస్తుందని రాశారు. అలా జరగదు. మెక్సికోకు పంపేవాళ్లలో చాలామందిని బస్సులో సరిహద్దు వంతెన దాకా తీసుకెళ్లి, సామాను ఒక ప్లాస్టిక్ సంచిలో చేతికిచ్చి, నడిపించి దాటిస్తారు. వీడ్కోలు చెప్పడానికి అక్కడికి ఎవరినీ రానివ్వరు. దానికి బదులు ఆమెను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. నిర్బంధంలో ఉన్నవాళ్లను వెతకడానికి ప్రభుత్వపు వెబ్‌సైటు ఒకటి ఉంది. అందులో పుట్టిన దేశంతో పాటు, వలస అధికారులు ఆ మనిషికి ఇచ్చిన తొమ్మిది అంకెల నంబరైనా ఇవ్వాలి, లేదా పేరైనా ఇవ్వాలి. పేరు రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. మెక్సికన్లకు ఇంటిపేర్లు రెండు, తండ్రివైపుది ఒకటి, తల్లివైపుది ఒకటి. ఆమె ఒక ఇంటిపేరే కొడుతుంది, ఎవరూ లేరని వస్తుంది. రెండోది ఏమిటో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. మూడేళ్ల పరిచయంలో అతడు తన తల్లి గురించి ఎన్నోసార్లు మాట్లాడాడు, కాబట్టి ఏదో ఒకరోజు ఆ పేరు చెప్పే ఉంటాడు. మీ స్క్రిప్టులో అది ఎక్కడా లేదు. వెనక్కి వెళ్లి, మొదటి ఇరవై పేజీలలో ఎక్కడో, ఆమె ఫోన్ చూసుకుంటుండగా అతడు ఆ పేరు చెప్పే చోటు ఒకటి పెట్టండి.